గుణం కనిపించింది - దేనితో పోల్చి?
జ్ఞాపకశక్తి మందులను ఎంచుకునే ముందు ప్రతి గృహస్థుడూ తెలుసుకోవలసిన విషయాలు

మామిడి తోటలు పూత పట్టే మాసాలలో మా తిరువూరు ప్రాంతపు ఇళ్ళలో మరొక చింత కూడా మొదలవుతుంది. పదవ తరగతి, ఇంటర్మీడియట్ పరీక్షలు దగ్గరపడతాయి. మైలవరం వైపు నుండి, గంపలగూడెం వైపు నుండి, సరిహద్దు అవతల తెలంగాణలోని పెనుబల్లి నుండి కూడా తల్లిదండ్రులు నా వద్దకు వస్తారు. “డాక్టరుగారూ, మావాడికి చదివింది ఒంటబట్టడం లేదండీ. జ్ఞాపకశక్తికి ఏదన్నా మంచి మందు చెప్పండి” అని అడుగుతారు. కొందరు అప్పటికే ఏదో ఒక చూర్ణమో, లేహ్యమో వాడి చూసి, దాని గుణగణాలు నాకే వివరిస్తారు.

ఇటీవల ఒక తల్లి తన కుమారుని మార్కుల జాబితాలు రెండు తెచ్చి చూపింది. డిసెంబరులో లెక్కలలో నూటికి 38. ఆ తరువాత మూడు వారాలు ఒక మేధావర్ధక చూర్ణం వాడారు. జనవరిలో 57. “ఇంతకన్నా ఋజువు ఏం కావాలండీ?” అని ఆమె అడిగింది. ఆ ప్రశ్న న్యాయమైనదే. చాలా ఇళ్ళలో మందుల మీద నమ్మకం ఏర్పడేది ఇటువంటి అనుభవం వల్లనే. అయితే ఆ 19 మార్కుల పెరుగుదల చూర్ణం వల్ల కలిగినదని చెప్పడానికి ఆ రెండు కాగితాలు చాలవు. ఎందుకు చాలవో, మరి ఏవి చాలునో ఈ వ్యాసంలో వివరిస్తాను. శరీరానికి ఇచ్చే మందు కంటె మనస్సుకు ఇచ్చే మందు విషయంలో ఈ వివేచన మరింత అవసరం. జ్వరాన్ని థర్మామీటరు కొలుస్తుంది. జ్ఞాపకాన్ని, దిగులును, భయాన్ని కొలిచేది చాలావరకు మన అభిప్రాయమే. ఆ అభిప్రాయం కూడా మనస్సులో పుట్టేదే కదా!

మైత్రేయుని సందేహం

మందు పనిచేసిందా లేదా అనే ప్రశ్న పాశ్చాత్యుల నుండి మనకు దిగుమతి అయినదని కొందరు భావిస్తారు. చరకసంహిత చదివినవారు అట్లా అనుకోరు. సూత్రస్థానం పదవ అధ్యాయమైన మహాచతుష్పాదంలో మైత్రేయుడు ఆత్రేయుని ఎదుట ఒక ఘాటైన సందేహాన్ని ఉంచుతాడు. సమర్థుడైన వైద్యుడు, మంచి ఔషధం, పరిచారకుడు అన్నీ అమరిన రోగులలో కొందరు కోలుకుంటున్నారు, కొందరు మరణిస్తున్నారు. ఇవేవీ లేనివారిలో కూడా కొందరు కోలుకుంటున్నారు, కొందరు మరణిస్తున్నారు. అటువంటప్పుడు చికిత్స చేయడానికీ చేయకపోవడానికీ భేదమేమిటి? ఇదీ ఆయన వాదం.

ఆత్రేయుడు ఈ ప్రశ్నకు కోపగించుకోలేదు. మందు లేకుండా కోలుకునేవారు ఉన్నారని ఒప్పుకున్నాడు. పడిపోయిన మనిషి తానుగా లేవగలిగినా, మరొకరు చేయి అందిస్తే త్వరగా, శ్రమ లేకుండా లేస్తాడని ఉపమానం చెప్పాడు. అన్ని వ్యాధులూ సాధ్యాలు కావని, సాధ్యాసాధ్యాలు ఎరిగి చికిత్సకు పూనుకొనవలెనని కూడా చెప్పాడు.

ఇందులో మనం గ్రహించవలసినది ఒకటి ఉన్నది. మందు వాడి బాగుపడినవారిని మాత్రమే మైత్రేయుడు చూడలేదు. వాడి బాగుపడినవారు, వాడినా బాగుపడనివారు, వాడకుండానే బాగుపడినవారు, వాడక బాగుపడనివారు - ఈ నాలుగు గుంపులనూ పక్కపక్కన నిలబెట్టాడు. నేటి శాస్త్రజ్ఞులు ఏ మందును పరీక్షించినా మొదట వేసే గళ్ళు ఈ నాలుగే. మన తల్లిగారు తెచ్చిన మార్కుల జాబితా వీటిలో మొదటి గడిని మాత్రమే నింపుతుంది. తక్కిన మూడు గళ్ళు ఖాళీగా ఉన్నాయి.

పదకొండవ అధ్యాయంలో చరకుడు సత్యాన్ని పరీక్షించే సాధనాలు నాలుగు చెప్పాడు. అవి ఆప్తోపదేశం, ప్రత్యక్షం, అనుమానం, యుక్తి. యుక్తికి ఆయన ఇచ్చిన ఉదాహరణ మన రైతులకు వెంటనే అర్థమవుతుంది. నీరు, దుక్కి, విత్తనం, ఋతువు కలిస్తే పంట పండుతుంది. పంట బాగా పండినప్పుడు ఆ ఘనత అంతా విత్తనానిదే అనడం యుక్తి కాదు. మార్కులు పెరిగినప్పుడు ఆ ఘనత అంతా చూర్ణానిదే అనడమూ అటువంటిదే.

మనం పొరబడే నాలుగు దారులు

మొదటిది, ఆటుపోట్లు. ఏ విద్యార్థికైనా మార్కులు ఒకసారి పైకి, ఒకసారి క్రిందికి వెళుతూ ఉంటాయి. మరీ తక్కువ మార్కులు వచ్చిన పరీక్ష తరువాత వచ్చే పరీక్షలో, ఏమీ చేయకపోయినా, మార్కులు సాధారణంగా పెరుగుతాయి. మనం మందు కోసం పరుగెత్తేది కూడా సరిగ్గా ఆ అధమ స్థితిలోనే. కనుక ఏ మందు వాడినా మేలు కనిపించే అవకాశం ముందే ఏర్పడి ఉంటుంది. దిగులు, నిద్రలేమి, తలనొప్పి వంటివి కూడా ఇట్లాగే హెచ్చి, తగ్గుతుంటాయి.

రెండవది, తోడు కారణాలు. మందు మొదలుపెట్టిన ఇంటిలో మరికొన్ని కూడా మారతాయి. తల్లి పక్కన కూర్చుంటుంది. టీవీ కట్టివేస్తారు. పిల్లవాడికి వేళకు అన్నం పెడతారు. పరీక్ష దగ్గరపడిన కొద్దీ అతడే ఎక్కువ చదువుతాడు. ఒకే రకమైన పరీక్షను మళ్ళీ రాసినప్పుడు అలవాటు వల్ల కూడా నాలుగు మార్కులు ఎక్కువ వస్తాయి.

మూడవది, నమ్మకం. మంచి మందు వాడుతున్నామన్న భావనే ధైర్యాన్ని ఇస్తుంది. అందువలననే పరిశోధకులు ఒక జట్టుకు అసలు మందును, మరొక జట్టుకు రంగు, రుచి, ఆకారం ఒకటే అయిన ఉత్తుత్తి మందును ఇస్తారు. దీనినే ప్లాసిబో అంటారు. ఎవరు ఏ జట్టులో చేరాలో చీటీలు వేసినట్లు నిర్ణయిస్తారు. ఎవరికి ఏది అందినదో మందు తీసుకునేవారికి, వారిని పరీక్షించేవారికి కూడా పని ముగిసేవరకు తెలియనివ్వరు. పరీక్షించేవారికి ఎందుకు తెలియరాదంటే, మేలు జరుగుతుందని ఎదురుచూసే కంటికి మేలే కనిపిస్తుంది.

నాలుగవది, ఏరుకునే జ్ఞాపకం. ఫలించిన పది ఉదంతాలు ఊరంతా తిరుగుతాయి. ఫలించని ముప్పై ఇంటి గడప దాటవు. ప్రకటనలలో లేఖలు రాసేవారందరూ బాగుపడినవారే. బాగుపడనివారు లేఖ రాయరు, రాసినా అచ్చు కాదు.

విశాఖపట్టణంలో ఒక ప్రయత్నం

ఈ నాలుగవ దారి ఎంత ప్రమాదకరమో తెలియడానికి తెలుగునాట జరిగిన ఒక విశేషమైన ప్రయత్నాన్ని గుర్తు చేస్తాను. అది మందుకు సంబంధించినది కాదు గాని, మనస్సును గురించిన ఒక నమ్మకాన్ని లెక్కకు ఎట్లా పెట్టవలెనో నేర్పుతుంది.

ఎక్కడో జరిగే సంగతి ఇక్కడి మనిషికి తెలియడం, జరగబోయేది కలలో కనిపించడం వంటి కథలు వినని ఇల్లు మన దేశంలో ఉండదు. వీటిని ప్రయోగశాలలో పరీక్షించాలనే సంకల్పంతో ఆచార్య కోనేరు రామకృష్ణారావు 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పరామనోవిజ్ఞాన విభాగాన్ని నెలకొల్పారు. ఆయన అంతకు ముందు అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె.బి. రైన్ వద్ద పనిచేశారు. తరువాతి కాలంలో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులయ్యారు, 2011లో పద్మశ్రీ పొందారు, 2021లో కీర్తిశేషులయ్యారు.

రైన్ వాడిన పద్ధతి సులభమైనది. వలయం, కూడిక గుర్తు, అలలు, చతురస్రం, నక్షత్రం - ఈ అయిదు గుర్తులతో, ఒక్కొక్కటి అయిదు చొప్పున, 25 చీట్లు ఉంటాయి. కనిపించని చీటీ మీద ఏ గుర్తు ఉన్నదో చెప్పాలి. ఏ శక్తీ లేనివారు ఊరికే ఊహించినా సగటున 5 సరిపోతాయి. నూరుగురి చేత ఈ ఆట ఆడిస్తే, కేవలం కాకతాళీయంగానే, సుమారు అయిదుగురికి 9 గాని అంతకు మించి గాని సరిపోతాయి. ఆ అయిదుగురిని మాత్రమే పత్రికలో అచ్చు వేస్తే అది మహిమలాగే కనిపిస్తుంది. తక్కిన 95 మందిని కూడా చేర్చినప్పుడే లెక్క నిలుస్తుంది. జ్ఞాపకశక్తి మందు వాడి మార్కులు పెరిగిన అయిదుగురి ఫోటోలు చూసినప్పుడు ఈ 95 మందిని పాఠకులు గుర్తుకు తెచ్చుకోవలెను.

ఈ రంగంలో వచ్చిన ఫలితాలను శాస్త్రలోకం తేలికగా ఒప్పుకోలేదు. 1974లో రైన్ గారి సంస్థలోనే ఒక పరిశోధకుడు ఫలితాలను తారుమారు చేస్తుండగా తోటివారు కనిపెట్టారు. రైన్ స్వయంగా ఆ సంగతిని లోకానికి వెల్లడించాడు. 1987లో ఒక ప్రసిద్ధ అంతర్జాతీయ పత్రికలో రామకృష్ణారావుగారు, జాన్ పామర్ కలిసి ఈ పరిశోధనల పక్షాన వ్రాయగా, అదే సంచికలో కెనడా మనస్తత్వవేత్త జేమ్స్ ఆల్కాక్ ఎదురువాదం వినిపించాడు. అధిక సంఖ్యాకులైన శాస్త్రజ్ఞులు నేటికీ అటువంటి శక్తులు ఋజువు కాలేదనే అంటారు. ఆ తీర్పు ఎట్లా ఉన్నా, నమ్మకాన్ని లెక్కకు ఎక్కించి, ప్రత్యర్థుల ఎదుట పెట్టి వాదించిన పద్ధతి గౌరవించదగినది.

ఈ కథకు 2011లో మరొక మలుపు వచ్చింది. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన డారిల్ బెమ్ వెయ్యి మందికి పైగా పాల్గొన్న తొమ్మిది ప్రయోగాలను ప్రచురించి, వాటిలో ఎనిమిదింటిలో భవిష్యత్తు ప్రభావం ముందే కనిపించిందన్నాడు. అందులో ఒకటి మన విద్యార్థులకు ఎంతో నచ్చేది. పరీక్ష ముగిసిన తరువాత చదివిన మాటలు కూడా ముందు రాసిన పరీక్షలో ఎక్కువగా గుర్తుకు వచ్చాయట! 2012లో బ్రిటన్‌లోని ముగ్గురు పరిశోధకులు అదే ప్రయోగాన్ని మూడు చోట్ల తిరిగి చేశారు. ఒక్కచోట కూడా ఆ ఫలితం రాలేదు.

అప్పుడు మనస్తత్వ శాస్త్రజ్ఞులు తమ ఇంటినే సోదా చేసుకున్నారు. పేరున్న పత్రికలలో వచ్చిన 100 అధ్యయనాలను వేర్వేరు బృందాలు మళ్ళీ చేసి, 2015లో ఫలితాలు ప్రకటించాయి. మొదటిసారి నూటికి 97 పాళ్ళు విజయవంతమని చెప్పబడినవి, రెండవసారి నూటికి 36 మాత్రమే నిలిచాయి. కనుక “పరిశోధనలో తేలింది” అనే ఒక్క మాటకు కూడా తల ఊపరాదు. మరొకరు తిరిగి చేసినప్పుడు నిలిచిందా అని అడుగవలెను.

బ్రాహ్మి ఏ మేరకు నిలిచింది?

ఇక మన మూలికల సంగతి చూద్దాము. చరకుడు చికిత్సాస్థానంలో మేధ్య రసాయనాలుగా నాలుగింటిని పేర్కొన్నాడు. మండూకపర్ణి స్వరసం, పాలతో అతిమధుర చూర్ణం, తిప్పతీగ రసం, శంఖపుష్పి కల్కం. వీటిలో మండూకపర్ణి మన పెరటి సరస్వతి ఆకు. గుండ్రని ఆకు, పొడవైన కాడ. బ్రాహ్మి వేరు మొక్క. తడి నేలపై పాకుతూ చిన్నవి, దళసరివి అయిన ఆకులు వేస్తుంది. అంగడిలో రెండింటినీ బ్రాహ్మి పేరుతోనే అమ్మడం కలదు. ఒకదానిపై జరిగిన పరిశోధనను చూపి మరొకదానిని అమ్మితే ఆ పరిశోధన కొన్నవారికి ఉపకరించదు. ఏ ఆకు, ఏ భాగం, ఎంత మోతాదు అనేది మొదట తేల్చుకొనవలెను.

మానవులపై ఎక్కువగా పరీక్షించబడినది బ్రాహ్మి. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ దీనిపై ఏళ్ళ తరబడి పనిచేసింది. తరువాత ఆస్ట్రేలియాలో పైన చెప్పిన పద్ధతిలోనే, ఉత్తుత్తి మందుతో పోల్చి, పరీక్షలు జరిగాయి. 2001లో 38 మంది ఆరోగ్యవంతులపై ఒక్క మోతాదు ఇచ్చి రెండు గంటల తరువాత చూస్తే ఏ మేలూ కనిపించలేదు. అదే సంవత్సరం 46 మందికి 12 వారాలు ఇచ్చినప్పుడు కొంత మేలు కనిపించింది. 2002లో 40 నుండి 65 సంవత్సరాల వయస్సు గల 76 మందికి మూడు నెలలు ఇచ్చారు. వారు కొత్తగా నేర్చుకున్న దానిని నిలుపుకునే శక్తి మెరుగుపడింది. నేర్చుకునే వేగం మాత్రం మారలేదు. 2012లో ఇటువంటి ఆరు అధ్యయనాలను కలిపి పరిశీలించినవారు, చూడకుండా గుర్తుకు తెచ్చుకునే 17 పరీక్షలలో 9 పరీక్షలలో మేలున్నదని, ఇతర మానసిక శక్తుల విషయంలో తగిన ఆధారం లేదని తేల్చారు.

దీని అర్థం గృహిణులకు చెబుతాను. బ్రాహ్మికి కొంత ఆధారం ఉన్నది. అది నెలల మీద కనిపించే స్వల్పమైన మేలు. పరీక్షకు పది రోజుల ముందు మొదలుపెట్టినా, పరీక్ష నాటి ఉదయం ఒక మాత్ర మింగించినా ఫలితం ఆశించడానికి ఆధారం లేదు. పైన చెప్పిన పరీక్షలన్నీ పెద్దలపై, నిర్ణీత ప్రమాణంలో తీసిన సారంతో జరిగాయి. వాటిని పదిహేనేళ్ళ పిల్లలకు, ఇంటి చూర్ణానికి యథాతథంగా వర్తింపజేయలేము. కొందరికి వికారం, కడుపులో నొప్పి, విరేచనాలు కలుగుతాయి. సరస్వతి ఆకు పచ్చడి, పప్పు మన ఇళ్ళలో ఆహారంగా ఉన్నవే. ఆకుకూరగా తినడానికి అభ్యంతరం లేదు. మార్కులు మాత్రం దాని మీద వదలిపెట్టరాదు.

హైదరాబాదు అధ్యయనం

మానసిక ఒత్తిడికి అశ్వగంధ విషయంలో మన తెలుగువారి పరీక్షే ఒకటి ఉన్నది. హైదరాబాదు బంజారాహిల్స్‌లోని ఆశా ఆస్పత్రి మనోవైద్యులు దీర్ఘకాలపు ఒత్తిడితో బాధపడే 64 మందిని రెండు జట్లుగా చేసి 60 రోజులు పరిశీలించి, 2012లో ఫలితాలు ప్రచురించారు. ఒక జట్టుకు అశ్వగంధ వేరు సారం 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, మరొక జట్టుకు ఉత్తుత్తి మందు. ఎవరికి ఏదో ఎవరికీ తెలియదు. ఒత్తిడిని కొలిచే ప్రశ్నావళిలో మొదటి జట్టు వారి అంకె నూటికి 44 పాళ్ళు తగ్గగా, రెండవ జట్టు వారిది 5.5 పాళ్ళు తగ్గింది. ఒత్తిడి వేళ రక్తంలో పెరిగే కార్టిసాల్ కూడా మొదటి జట్టులో ఎక్కువగా తగ్గింది.

ఇది మంచి పద్ధతిలో జరిగిన పని. ఉత్తుత్తి మందు జట్టు లేకుండా ఉంటే, ఆ 44 లో నమ్మకం వాటా ఎంతో మనకు తెలిసేది కాదు. అయినా 64 మంది చిన్న సంఖ్యే. రెండు నెలలు స్వల్ప కాలమే. ఇటువంటి అధ్యయనాలలో పలువాటికి ఆ సారాన్ని తయారుచేసే సంస్థల సహాయం ఉంటుందన్న సంగతినీ గమనించవలెను. తరువాత వచ్చిన మరికొన్ని చిన్న అధ్యయనాలు కూడా అదే దిశను చూపుతున్నాయి గనుక అశ్వగంధకు ఆశాజనకమైన ఆధారం ఉన్నదని చెప్పవచ్చును. ఇంకొక పక్కన, అశ్వగంధ వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న సందర్భాలు కూడా నమోదయ్యాయి. గర్భిణులు వాడరాదు. థైరాయిడ్ వ్యాధి గలవారు, నిద్రమాత్రలు వాడేవారు వైద్యుని అడుగకుండా వాడరాదు. మేలు చేసే శక్తి గల మందుకు కీడు చేసే శక్తి కూడా ఉంటుంది.

పేరు లేని చూర్ణాల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2004లో అమెరికాలోని బోస్టన్ పరిసరాల దుకాణాలలో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరీక్షిస్తే 14 ఉత్పత్తులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటివి కనిపించాయి. సీసం పిల్లల మెదడునే దెబ్బ తీస్తుంది. తెలివి పెంచుతుందని తెచ్చినది ఉన్న తెలివిని హరించే ప్రమాదం ఉన్నది. తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచి సంఖ్య, తేదీ లేని డబ్బాను ఇంటికి తేవద్దు.

ఇంటిలో చేసి చూడదగిన పరీక్ష

మూడు నెలల మూలిక పరీక్ష ఇంటిలో సాధ్యం కాదు. ఖర్చు లేని ఒక ఉపాయాన్ని మాత్రం ఏ ఇంటిలోనైనా పరీక్షించవచ్చును. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు విద్యార్థులలో కొందరి చేత పాఠాన్ని మళ్ళీ చదివించారు. మరికొందరి చేత పుస్తకం మూసి గుర్తున్నది రాయించారు. అయిదు నిమిషాల తరువాత మళ్ళీ చదివినవారే కొంచెం మెరుగు. వారం తరువాత మాత్రం వారికి నూటికి 42 పాళ్ళు గుర్తుండగా, మూసి రాసినవారికి 56 పాళ్ళు గుర్తున్నది. మన పెద్దలు పుస్తకం మూయించి అప్పజెప్పించుకోవడంలో ఉన్న బలం ఇదే.

దీనిని మీ ఇంటిలో ఇట్లా పరీక్షించండి.

ఒకటి. కష్టం సమానంగా ఉన్న పాఠాలు ఎనిమిది ఎంచి, చీటీలు వేసి నాలుగు నాలుగుగా విడదీయండి. ఏ పాఠాలు ఏ జట్టులో పడాలో పిల్లవాడు గాని మీరు గాని ఎంచరాదు.

రెండు. మొదటి నాలుగింటిని రెండుసార్లు చదివించండి. తక్కిన నాలుగింటిని ఒకసారి చదివించి, రెండవసారి పుస్తకం మూసి రాయించండి. రెండింటికీ సమయం సమానంగా ఇవ్వండి.

మూడు. ఏది లెక్కించాలో ముందే నోటు పుస్తకంలో రాయండి. ఉదాహరణకు, పాఠానికి పది ప్రశ్నలు, వారం తరువాత ఎన్నింటికి సరైన సమాధానం. ఫలితం వచ్చిన తరువాత కొలతను మార్చరాదు.

నాలుగు. ఏ పాఠం ఏ జట్టులోనిదో తెలియని వ్యక్తి చేత దిద్దించండి. తాతగారో, పిన్నిగారో ఉంటే చాలును.

అయిదు. ఆ వారంలో నిద్ర వేళలు, ఆహారం మార్చవద్దు. అనుకూలించని అంకెలను కూడా చెరపకుండా ఉంచండి.

ఒక ఇంటి పరీక్షతో లోకసత్యం తేలదు. మరో ఎనిమిది పాఠాలతో మళ్ళీ చేసి చూడండి. మీ పిల్లవాడికి ఏది పనికివస్తుందో కొంత తెలుస్తుంది. అంతకు మించి, పదిహేనేళ్ళ వయస్సులోనే ఋజువు అంటే ఏమిటో అతడికి అనుభవమవుతుంది. నిద్ర మానిపించి చదివించడం మాత్రం ఏ ఇంటిలోనూ చేయవద్దు. చదివినది మెదడులో స్థిరపడడానికి నిద్ర అవసరమని అనేక పరిశోధనలు నిర్ధారించాయి.

ఆలస్యం చేయరాని సందర్భాలు

పరీక్షించి చూద్దామనే ఓపిక అన్నిచోట్లా తగదు. చదివినది నిలవడం లేదని వచ్చే పిల్లలలో కొందరి బాధ జ్ఞాపకానికి సంబంధించినది కానే కాదు. రెండు వారాలకు పైగా దిగులు, నిద్ర పట్టకపోవడం, ఆకలి పోవడం, స్నేహితులకు దూరం కావడం, ఏ పనిలోనూ ఆసక్తి లేకపోవడం కనిపిస్తే అది డిప్రెషన్ కావచ్చును. అటువంటి పిల్లవాడికి మేధావర్ధక చూర్ణం ఇచ్చి మూడు నెలలు వేచి చూడడం చాలా ప్రమాదకరం. డిప్రెషన్ కూడా హెచ్చి తగ్గే వ్యాధే గనుక, నడుమ నాలుగు రోజులు బాగుంటే చూర్ణం పనిచేసిందని ఇంటివారు నిశ్చింత పడతారు. పైన చెప్పిన మొదటి దారి ఇక్కడ ప్రాణాంతకమవుతుంది.

చనిపోవాలని ఉన్నదని పిల్లలు ఒక్కసారి అన్నా దానిని బెదిరింపుగా తీసుకోవద్దు. ఒంటరిగా విడువవద్దు. ఆనాడే మనోవైద్యుని వద్దకు తీసుకువెళ్ళండి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 అనే నంబరు మీద రాత్రింబవళ్ళు ఉచితంగా ఫోను చేయవచ్చును. తెలుగులో మాట్లాడుతారు. మనోవైద్యుడు ఇచ్చిన మందులను ఏ మూలిక కోసమూ స్వయంగా ఆపరాదు.

ఇక, మార్కుల జాబితాలు తెచ్చిన ఆ తల్లికి నేను చెప్పినది కూడా పాఠకులకు విన్నవిస్తాను. చూర్ణపు డబ్బా మీద లైసెన్సు సంఖ్య లేదు గనుక దానిని మాన్పించాను. ఆమె కుమారుడు ఇప్పుడు లెక్కలను పుస్తకం మూసి చేసి, తేదీ వేసి నోటు పుస్తకంలో ఎక్కిస్తున్నాడు. మందును గురించి, పద్ధతిని గురించి, పత్రికలో వచ్చిన పరిశోధనను గురించి, నేను వ్రాసే వ్యాసాలను గురించి కూడా మీరు అడుగవలసిన ప్రశ్నలు మూడు ఉన్నాయి. దేనితో పోల్చి చెబుతున్నారు? గుణం కనిపించనివారిని లెక్కలో చేర్చారా? మరొకరు తిరిగి చేసినప్పుడు ఆ ఫలితమే వచ్చిందా? ఈ మూడింటికీ సమాధానం దొరికిన మందును నమ్మకంతో వాడుకోవచ్చును. దొరకని మందుకు పెట్టే డబ్బును పిల్లవాడి పాలకూ పండ్లకూ ఖర్చు చేయండి.